నీరు నేలకు, తుంపర గాలికి

మాఘమాసపు తెల్లవారుజామున మూసీ కత్వలలో ఏదో ఒకదానియొద్ద నిలిచి చూచినవారికి అచటి దృశ్యము మరువరానిది. కత్వ మీదుగా దుమికిన నీరు దిగువను తెల్లని నురుగై లేచును. ఆ నురుగు దూదిపింజలవలె కొట్టుకొనిపోయి ఒడ్డుననున్న తుమ్మచెట్ల మొదళ్లకు, వరిమడుల గట్లకు అంటుకొనును. గాలి కొంచెము విసరెనా, దానినుండి తునకలు లేచి బాటను పోవువారి బట్టలమీద వ్రాలును. మడికి నీరు పెట్టవచ్చిన రైతు వానిని చేతితో తుడిచివేసి తన పని తాను చూచుకొనును. కంటికి కనబడు నురుగును అతడు తుడిచివేయగలడు. కంటికి కనబడనిది మరియొకటి అదే గాలిలో నున్నది. దానినిగూర్చి తెలిసికొనుటయే నేటి ప్రసంగము యొక్క ఉద్దేశము.

మూసీనది వికారాబాదు చెంత అనంతగిరి కొండలలో పుట్టి, హైదరాబాదు నగరము నడుమగా సాగి, పూర్వపు నల్లగొండ జిల్లాలో ప్రవేశించి, వాడపల్లివద్ద కృష్ణలో కలియుచున్నది. 2016 సంవత్సరమున నల్లగొండ జిల్లా మూడు జిల్లాలైనది గనుక, నేడు ఈ నది మొదట యాదాద్రి భువనగిరి జిల్లాను తడిపి, పిమ్మట సూర్యాపేట, నల్లగొండ జిల్లాలకు పోవుచున్నదని చెప్పవలెను. వానకాలము గడచిన పిమ్మట నగరము వాడి విడిచిన నీరే ఈ నదిలో పారు నీరు. నగరమునకు దిగువను కత్వ వెంబడి కత్వ కట్టి, పిల్లాయిపల్లి కాలువ, ధర్మారెడ్డిపల్లి కాలువ, ఆసఫ్ నహర్ మున్నగు కాలువలద్వారా ఆ నీటిని పొలములకు మళ్లించినారు. ఇట్లు పొలము చేరునది కేవలము ఇండ్ల మురుగు మాత్రమే కాదు. కర్మాగారములు విడిచిన నీరును అందు కలిసియే యున్నది.

నది లేనిచోట ఇదే ప్రశ్న మరియొక రూపమున వచ్చినది. పాలమూరు మెట్టలలో జడ్చర్ల చెంతనున్న పోలేపల్లిలో మందుల కర్మాగారములతో కూడిన ప్రత్యేక ఆర్థిక మండలి వెలసినది. విజయవాడ బాటమీది చౌటుప్పల్ పరిసరములలోను అట్టి కర్మాగారములు పెక్కు కలవు. నాగార్జునసాగరము ఎడమకాలువ నీటితో పండిన వడ్లు మిర్యాలగూడ చేరి, అచటి మిల్లులలో ఉప్పుడు బియ్యమగుచున్నవి. వడ్లు నానబెట్టిన నీరు ఒకటి రెండు దినములు నిలిచినచో పులిసి దుర్గంధమిచ్చునని ఆ ప్రాంతమువారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఇట్టి నీటినంతను ఏమి చేయవలెను? పారవిడుచుటకు నిండుగ పారు నదులు దగ్గర లేవు. ఉన్నవి చెరువులు, వాగులు, బావులు. వానిలో విడిచినచో ఊరి నీరు చెడును. కనుక, శుద్ధిచేసిన నీటిని కర్మాగారము ఆవరణలోని చెట్లకు, పచ్చికకు, లేక ప్రక్కనున్న భూములకు పెట్టుట ఒక మార్గమైనది. ఎక్కువ విస్తీర్ణమును తక్కువ మనుషులతో తడుపవలెనన్నచో తుంపర యంత్రము, అనగా మన రైతులు స్ప్రింక్లరని పిలుచు పరికరము, అన్నిటికంటె సులభముగా కనబడును.

ఈ ఆలోచన తప్పు కాదు. 1950 ప్రాంతమున అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రములో సీబ్రూక్ అను పెద్ద వ్యవసాయక్షేత్రమువారు కూరగాయలు కడిగిన కర్మాగారపు నీటిని ప్రక్క అడవిలో తుంపర యంత్రములతో చల్లించిరి. ప్రసిద్ధ వాతావరణ శాస్త్రజ్ఞుడగు థార్న్‌త్‌వైట్ దానికి సలహాదారు. వాగులో కలిసినచో చేపలను చంపివేయగల ఆ నీటిని అడవినేల త్రాగివేసినది. నేల యనునది గొప్ప వడపోత. అందలి కోటానుకోట్ల సూక్ష్మజీవులు నీటిలోని కుళ్లును తినివేయును. మిగిలిన సత్తువను మొక్కల వేళ్లు పీల్చుకొనును. ఏటికి ఇంచుమించు 600 నుండి 750 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకొను మన చెల్క భూములకు ఏ నీరైనను నీరే. బావులలోని నీటిలో ఫ్లోరైడు ఎక్కువగా నుండు నల్లగొండ పల్లెలలో నీటి విలువ ఎంతటిదో మరి చెప్పవలెనా!

అయితే నేల ఎంత గొప్ప వడపోతయైనను, అది తనవద్దకు వచ్చిన నీటినే వడపోయగలదు. యంత్రపు మూతికిని నేలకును నడుమ నీరు గాలిలో ప్రయాణము చేయుచున్నది. ఆ కొద్దిపాటి ప్రయాణములో నీటిలో కొంత భాగము నేలకు రాకయే పోవుచున్నది. అది ఎచటికి పోవునో చూతము.

కళ్లములో వడ్లు తూర్పారబట్టుట చూడని రైతు లేడు. చేట ఎత్తి పోసినపుడు గట్టిగింజ కాళ్లదగ్గర రాశిగా పడును. తాలు నాలుగు బారల దూరము పోవును. దుమ్ము గాలిలో కలిసి కళ్లము దాటిపోవును. తుంపర యంత్రము చేయునదియు ఇదియే. అది విడుచు నీటిలో అధికభాగము పెద్ద బిందువులై పదిపదునైదు మీటర్లలోపల నేలపడును. చాల కొద్దిభాగము, సాధారణముగా నూటికి ఒక వంతుకంటె తక్కువ, మిక్కిలి సన్నని తుంపరగా చీలును. నూటికి ఒక వంతులో పదవ భాగమేయని అనుకొన్నను, లక్ష లీటర్లు చల్లిన దినమున నూరు లీటర్ల నీరు గాలిలో కలిసినట్లు లెక్క.

బిందువు పరిమాణమునుబట్టి దాని నడక మారును. మిల్లీమీటరులో పదవవంతు లావున్న బిందువు రెండు మీటర్ల ఎత్తునుండి ఏడెనిమిది సెకనులలో నేలపడును. మిల్లీమీటరులో నూరవవంతు బిందువు అదే ఎత్తునుండి పడుటకు పది పదకొండు నిమిషములు పట్టును. ఆ వ్యవధిలో సెకనుకు మూడు మీటర్ల వేగముగల మందమారుతము దానిని ఇంచుమించు రెండు కిలోమీటర్లు కొనిపోగలదు. నిజమునకు అంత చిన్న బిందువు అంతసేపు నీరుగా నుండదు. మన పొడిగాలిలో సెకనులోపలనే ఆరిపోవును. ఆరిపోగా మిగులునది ఆ నీటిలోని లవణము, జిగురు, వానిలో చిక్కుకొనిన సూక్ష్మజీవి. ఈ ఎండుకణము మరింత తేలిక. పెంకుల సందునుండి ఇంటిలో పడిన ఎండచారలో ఆడుచుండు ధూళికణములను మన పెద్దలు త్రసరేణువులనిరి. ఈ కణములు వానికంటె చిన్నవి, అట్లే తేలుచుండును. బిందువులు నేలపడుటయో ఆరిపోవుటయో వాని పరిమాణమునుబట్టి నిర్ణయమగునని 1934లో వెల్స్ అను అమెరికను శాస్త్రజ్ఞుడు లెక్కగట్టి చూపెను.

నీటిని పైకి ఎగజిమ్మకపోయినను తుంపర పుట్టుటకు మరియొక మార్గము కలదు. అది బుడగ. నీటి ఉపరితలమున బుడగ పగిలినపుడు దాని అడుగునుండి సన్నని నీటిధార పైకి చిమ్మి, ముక్కలై, బిందువులుగా గాలిలోనికి లేచును. బుడగ నీటిలోనుండి పైకి వచ్చుచు దారిలో తనకు తగిలిన సూక్ష్మజీవులను తన గోడలకు అంటించుకొని వచ్చును. అందువలన ఆ బిందువులలోని సూక్ష్మజీవులు క్రింది నీటిలోకంటె పదిరెట్లు, నూరురెట్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు చిక్కగా నుండునని పరిశోధకులు కనుగొనిరి. కర్మాగారపు శుద్ధి తొట్లలో గాలి కొట్టి నీటిని మరగించినట్లు చేయుచోటను, మూసీ కత్వల దిగువను జరుగునది ఇదియే.

ఈ కణములు శ్వాసతో లోనికి పోయినపుడు అన్నియు ఒకే చోటికి చేరవు. పెద్దవి ముక్కులోను గొంతులోను నిలిచిపోవును. వానిని మనము తెలియకయే మ్రింగుచుందుము. నీటివలన వచ్చు విరేచనములు, టైఫాయిడు, కామెర్లు మున్నగు వ్యాధుల క్రిములకు ఇది నోటిమార్గమే. మిల్లీమీటరులో రెండువందలవ వంతుకంటె చిన్నవి ఊపిరితిత్తుల లోతట్టు అరలవరకు పోగలవు. అచట నిలిచి వ్యాధి కలిగించు జాతులు వేరు. ఇక మురుగునీటిలోని పురుగుల గ్రుడ్లు బరువైనవి. అవి గాలిలో తేలుట అరుదు. కొంకిపురుగు పిల్ల పాదము చర్మమునుండియే లోనికి దూరును. కనుక దానికి మందు చెప్పుల జతయేగాని గాలికి కట్టు గుడ్డ కాదు. ఏ అపాయము గాలిది, ఏ అపాయము మట్టిదియని వేరుచేసి చూచుట ఈ విషయమున మొదటి తెలివి.

గాలిలోనికి లేచిన సూక్ష్మజీవులన్నియు బ్రతుకవు. నీటిలో హాయిగానున్న క్రిమి ఒక్కసారి ఆరిపోవుట సహింపలేదు. తుంపరగా మారిన మొదటి క్షణములలోనే వానిలో పెక్కు చచ్చును. మిగిలినవానిని ఎండ చంపును. మన మెట్టప్రాంతపు మధ్యాహ్నపు టెండ ఈ విషయమున మనకు గొప్ప చుట్టము. కాని రాత్రివేళ ఎండ లేదు. గాలిలో తేమ ఎక్కువ. అపుడు క్రిములు ఎక్కువ సేపు బ్రతుకును, ఎక్కువ దూరము పోవును. చలికాలపు వేకువలో మరియొక చిక్కు కలదు. నేలకంటుకొని చల్లగాలి, దానిపైన వెచ్చనిగాలి కప్పువలె నిలుచును. పొయ్యిలు రాజేసిన పొగ ఆ వేళ పైకి పోక ఊరిమీద దుప్పటివలె పరచుకొని యుండుట మనమందరము చూచినదే. పొగ ఎట్లు నిలుచునో తుంపరయు అట్లే నిలుచును.

ఇక్కడ ఒక విపరీతము గమనింపదగినది. మంచినీటితో తుంపర సేద్యము చేయు రైతునకు నిపుణులు చెప్పునది, తెల్లవారుజామునగాని సాయంకాలముగాని నీరు చల్లుమని. ఏలయన గాలి తక్కువ, ఆవిరి తక్కువ, నీరు ఆదా. ఆ సలహా మంచినీటికి సరియైనదే. మురుగునీటికి అదే సలహా అపాయకరము. మంచినీటికి మంచివేళ మురుగునీటికి చెడువేళ. సూర్యుడు బాగుగ పైకెక్కి, గాలి ఇంకను విసరుగా లేని ప్రొద్దుటివేళ ఈ రెంటికిని నడుమనున్న మేలైన సమయము.

ఇంతవరకు చెప్పినది సాధ్యమును గురించి. ఇట్టి తుంపరవలన మనుషులు నిజముగా జబ్బుపడిరా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకినవారిలో ఇస్రాయేలు దేశీయులు ముందున్నారు. అచట సామూహిక వ్యవసాయక్షేత్రములలో గుంటలలో నిలువచేసి కొంతవరకు శుద్ధమైన మురుగునీటిని తుంపర యంత్రములతో పొలములకు చల్లుచుండిరి. 1976లో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో, అట్లు చల్లిన 77 క్షేత్రములను, చల్లని 130 క్షేత్రములతో పోల్చిరి. రక్తవిరేచనములు, టైఫాయిడు, కామెర్లు మున్నగునవి చల్లినచోట రెండునుండి నాలుగు రెట్లు ఎక్కువగా కనబడినవి. లోకమంతట అలజడి కలిగినది. కాని ఆ శాస్త్రజ్ఞులే పిమ్మట మరింత జాగ్రత్తతో, ముందునుండి లెక్కలు వ్రాసికొనుచు చేసి, 1989లో ప్రకటించిన పరిశీలనలో అట్టి పెరుగుదల కనబడలేదు. అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున లబ్బక్ పట్టణపు మురుగునీటిని పొలములకు చల్లినపుడు 1980 తరువాతి సంవత్సరములలో ఆ ఊళ్లవారిని పరీక్షించిరి. తుంపరకు ఎక్కువ లోనైనవారిలో కొన్ని వైరసుల సోకుడు కొంత ఎక్కువగా కనబడినదిగాని, జబ్బులు ప్రబలినట్లు తేలలేదు. ఈ మూడింటినుండి న్యాయముగా తీయదగిన సారము ఇది: శుద్ధి బాగుగ జరిగి, దూరము పాటించినచో తుంపరవలని అపాయము స్వల్పము, శుద్ధి చాలక, ఇండ్లు దగ్గరగా నున్నచో దానిని స్వల్పమని అనుటకు ఆధారము లేదు.

కర్మాగారపు నీటికి సంబంధించి మాత్రము ఇంతకంటె కఠినమైన పాఠములు ఐరోపాలో జరిగినవి. 1976లో ఫిలడెల్ఫియా నగరమున ఒక సమావేశమునకు వచ్చినవారిలో ప్రబలిన నిమోనియావలన లెజియోనెల్లా అను సూక్ష్మజీవి లోకమునకు తెలియవచ్చినది. ఇది గోరువెచ్చని నీటిలో పెరుగును. ఆ నీటి తుంపరను పీల్చుటవలన ఊపిరితిత్తులను పట్టును. 2003 నవంబరునుండి 2004 జనవరివరకు ఉత్తర ఫ్రాన్సులో 86 మందికి ఈ జబ్బు సోకి, 18 మంది మరణించిరి. దానికి మూలము ఒక రసాయన కర్మాగారపు నీటిని చల్లార్చు గోపురములు. అచటి వ్యర్థజలపు గుంటలోను అదే క్రిమి కనబడినది. ఆరు కిలోమీటర్లకు పైగా దూరముననున్నవారును జబ్బుపడిరి. 2005లో నార్వే దేశమున సార్ప్స్‌బోర్గ్, ఫ్రెడ్రిక్‌స్టాడ్ పట్టణములలో 56 మందికి సోకి, 10 మంది చనిపోయిరి. అచట గాలిని కడుగు యంత్రమునుండి తుంపర వెలువడినది. పిమ్మట శోధింపగా, ప్రక్క కర్మాగారపు మురుగును గాలి కొట్టి శుద్ధిచేయు గుంటలలో ఈ క్రిమి విస్తారముగా పెరుగుచున్నట్లు తెలిసినది. ఆ గుంటలకు గాలివాలున 200 మీటర్ల దూరమువరకు బ్రతికియున్న క్రిములు దొరికినవి. ఇందు గమనింపదగినది, ఈ క్రిమి మనిషి మలములోనిది కాదు. కర్మాగారపు వెచ్చని నీటిలోనే అది పుట్టి పెరిగినది. కనుక ‘మా నీటిలో ఇండ్ల మురుగు కలియదు’ అనుమాట సంపూర్ణమైన సమాధానము కాజాలదు.

మన ప్రాంతమునకు సంబంధించిన విశేషము మరియొకటి కలదు. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధికేంద్రమునుండి వెలువడు నీటిని పరీక్షించి, 2007లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు ఒక వ్యాసము ప్రకటించిరి. అందు సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరుకు 31 మిల్లీగ్రాములవరకు ఉన్నదని తేలినది. అది ఆ మందు వాడు రోగి రక్తములో చేరు పరిమాణముకంటెను ఎక్కువ. మందు నిండిన నీటిలో బ్రతుకగల సూక్ష్మజీవి ఆ మందునకు లొంగనిదైయుండవలెను గదా! అట్టి మొండిక్రిములు, వాని మొండితనమును ఇతర క్రిములకు అందించు జన్యువులు, ఆ పరిసరపు వాగు మట్టిలో మెండుగా కనబడినవి. మందుల కర్మాగారముల నీటిని చల్లుచోట తుంపరను గురించి రెండింతలు జాగ్రత్త వహింపవలెననుటకు ఇది కారణము. సాధారణ క్రిమి సోకినచో మందుతో నయమగును. మొండిక్రిమి సోకినచో వైద్యునిచేతిలోని ఆయుధమే మొక్కవోవును.

తిరిగి మూసీకి వత్తము. ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో శాస్త్రజ్ఞులు నగరమునుండి దిగువకు 40 కిలోమీటర్లు నది వెంబడి నీటిని పరీక్షించిరి. కత్వ వెంబడి కత్వ దాటుచు పోగా, నీటిలోని పురుగుల గ్రుడ్లును, మలజనితమైన సూక్ష్మజీవులును ఎంతో తగ్గినట్లు కనుగొనిరి. ప్రతి కత్వ వెనుకను నీరు నిలిచి తేరుకొనుటయే అందుకు ముఖ్యకారణము. పూర్వులు పొలములకై కట్టిన కత్వలు తెలియకయే శుద్ధికేంద్రములైనవి. కాని అదే కత్వకు ముందువైపున నీరు దూకి నురుగగుచున్నది. సబ్బులు, బట్టలుదుకు పొడులు కలిసిన నీరు కనుకనే అంత నురుగు. కత్వ వెనుక నీటికి మేలు, కత్వ ముందర గాలికి కీడు. ఒకే కట్టడముయొక్క రెండు ముఖములివి. కనుక కత్వలను నిందించుట తగదు. పై నగరములో నీరు నదిని చేరకముందే శుద్ధిపడవలెనని కోరుటయే తగినది.

చట్టము ఈ విషయమున ఏమి చెప్పుచున్నది? భూమికి పెట్టు కర్మాగారపు నీటికి 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నియమములు హద్దులు నిర్ణయించినవి. నీటిలోని కుళ్లు ఎంత ప్రాణవాయువును హరించునో తెలుపు కొలత లీటరుకు 100 మిల్లీగ్రాములు మించరాదు; తేలుచుండు మలినములు 200 మిల్లీగ్రాములు మించరాదు; ఆమ్లక్షారముల కొలత 5.5కును 9కిని నడుమ నుండవలెను. నూనె, సైనైడు, ఆర్సెనిక్కులకును హద్దులు కలవు. కాని ఆ సాధారణ పట్టికలో సూక్ష్మజీవుల సంఖ్యకు హద్దు లేదు. అనగా కాగితముమీద అన్ని పరీక్షలలో నెగ్గిన నీరును గాలిలోనికి క్రిములను మోసికొనిపోవచ్చును. ఇండ్ల మురుగును శుద్ధిచేయు కేంద్రములకు మాత్రము 2017లో వచ్చిన నియమము మలజనిత సూక్ష్మజీవులకు హద్దు పెట్టినది. ప్రపంచ ఆరోగ్యసంస్థ 1989లోనే, తుంపరగా చల్లునపుడు ఇండ్లకును బాటలకును 50 నుండి 100 మీటర్ల ఎడముండవలెనని సూచించినది. నార్వేలో క్రిములు 200 మీటర్లవరకు దొరికినవన్న మాటను దీని సరసన నుంచి చూచినచో, నూరు మీటర్లు కనీసపు హద్దేగాని పరిపూర్ణమైన రక్షణ కాదని తెలియును.

ఇక చేయదగిన పనులు. ఇవి ఖరీదైనవి కావు. మొదటిది, నీటిని పైకి లేపకుండుట. బోదెలద్వారా పారించిన నీరును, సన్నని గొట్టములనుండి చుక్కచుక్కగా మొక్క మొదట విడుచు బిందుసేద్యపు నీరును గాలిలోనికి దాదాపు లేవవు. చెట్లకు పెట్టు నీటికి తుంపర యంత్రమే అక్కరలేదు. తప్పక తుంపరగానే చల్లవలసివచ్చినచో, యంత్రపు మూతి నేలకు దగ్గరగా నుండవలెను. ఒత్తిడి తక్కువగా నుండవలెను. ఒత్తిడి పెరిగినకొలది, మూతి రంధ్రము సన్నగిలినకొలది తుంపర సన్ననగును. రెండవది, వేళ. రాత్రియు, మంచు కురియు వేకువయు, పొగ పరచుకొని యుండు సమయమును విడువవలెను. మూడవది, దిక్కు. జూనునుండి సెప్టెంబరువరకు నైరుతిగాలి విసరును గనుక, ఆ నెలలలో ఈశాన్యపు దిశనున్న ఊరికే అపాయమెక్కువ. చల్లు భూమికి ఏ ప్రక్కన బడి, ఏ ప్రక్కన వాడ ఉన్నదో చూచి, గాలి అటు తిరిగిన దినమున యంత్రము నిలిపివేయవలెను. నాలుగవది, దట్టముగా పెరుగు చెట్ల వరుసలు. అవి తుంపరనంతను ఆపకపోయినను, గాలి వేగమును తగ్గించి పెద్ద కణములను ఆకులమీద పట్టుకొనును. ఐదవది, ఆరుబయట గాలి కొట్టు శుద్ధి తొట్లకు కప్పు వేయుట.

అన్నిటికంటె ముందు తలపవలసినవారు ఆ యంత్రముల నడుమ పనిచేయువారు. ఊరికి నూరు మీటర్ల ఎడముండవచ్చును. గొట్టములు మార్చు కూలికి ఎడమెక్కడిది? గడ్డి కోయు స్త్రీ ముఖమునకు తుంపర తగులుచునే యుండును. యంత్రము ఆపిన పిమ్మటనే ఆమెను మడిలోనికి పంపవలెను. కాళ్లకు బూట్లు, చేతులు కడుగుకొనుటకు సబ్బు, మంచినీరు ఆ చోటనే ఉండవలెను. పనిబట్టలు ఇంటికి పోకుండ అచటనే విడుచు ఏర్పాటుండవలెను. ఏలయన పనివారి బట్టలే క్రిములను ఇల్లు చేర్చగలవు. దగ్గు, ఆయాసము, జ్వరము వచ్చినపుడు తాను ఎట్టి నీటియొద్ద పనిచేయుచున్నదో ఆమె వైద్యునికి తప్పక చెప్పవలెను. ఆ ఒక్కమాట వైద్యునికి సగము రోగనిర్ణయము.

గ్రామస్థులకు ఒక హక్కు కలదు. 2006 నాటి పర్యావరణ ప్రభావ ప్రకటన ననుసరించి, ప్రజాభిప్రాయ సేకరణ జరుపవలసిన కర్మాగారములకు ముప్పది దినముల ముందుగా నోటీసు ఇచ్చి సభ జరుపవలెను. అట్టి సభలలో ఉద్యోగములెన్ని, భూమిధర ఎంత అను ప్రశ్నలు వినబడును, అవి న్యాయమైనవే. వానితోపాటు ఈ మూడును అడుగవలెను: శుద్ధిచేసిన నీటిని ఎచట పెట్టెదరు? పారించెదరా, చల్లెదరా? చల్లినచో ఏ వేళ, ఏ గాలికి? కుళ్లు కొలతయేగాక సూక్ష్మజీవుల లెక్కయు నెలనెలా ఊరికి తెలుపుదురాయని నాలుగవదియు చేర్చినచో మరింత మేలు.

నీటిని మురికిచేసినవారు దానిని తిరిగి మంచిచేయవలసి యుండుట ధర్మము. నేల అందుకు తోడ్పడును, ఎండ తోడ్పడును, మన కత్వలును తోడ్పడుచున్నవి. గాలికి మాత్రము అట్టి పని అప్పగింపరాదు. బావినీరు చెడినచో వేరొక బావినుండి తెచ్చుకొందుము. చెరువు చెడినచో దానివద్దకు పోము. గాలి విషయమున అట్టి ఎంపిక ఎవ్వరికిని లేదు. ఊరందరికిని ఒకటే గాలి. కనుక నేలకు ఇచ్చిన నీరు నేలకే చేరునట్లు చూచుకొనుట, చల్లువారికిని చల్లించువారికిని సమానమైన బాధ్యత.